ఎన్నిసార్లు తలిచారు?

దబీర్‌పురా దర్వాజా కిందనుంచి వెళ్ళి రెండు మలుపులు తిరిగితే మా మిత్రుడి ఇల్లు వస్తుంది. హైదరాబాదు కోటగోడకి ఒకప్పుడు పదమూడు దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు నిలబడి ఉన్నవి రెండే. పురానాపూల్ దగ్గరిదొకటి, ఇదొకటి. దబీర్ అంటే ఫారసీలో లేఖరి, దస్తావేజులు రాసేవాడు. ఆ సంగతి నాకు మా మిత్రుడే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. "మా బస్తీల అందరం రాసుడుగాళ్ళమే భాయ్. కాకపోతే అప్పట్ల రాసినోడికి జీతం ఇచ్చేటోళ్ళు. ఇప్పుడు రాసినోడే పైసలు కట్టాలె."

ఆయన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా బయోకెమిస్ట్రీ చెప్తున్నాడు. ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి, ప్రమోషన్ ఫైలు పంపాలి, జర వచ్చి చూసి పొమ్మన్నాడు. సైన్సు ఫైలుతో నాకేం పని అంటే, "మీరు పుస్తకాల మీద సమీక్షలు రాస్తరు గదా. ఇది కూడా అట్లాంటిదే. నా మీద నేను రాసుకోవాలె" అన్నాడు. వెళ్ళాను. మేడమీద గదిలో, ఇరానీ చాయ్ చల్లారిపోతుండగా, ఆ ఫారాన్ని ఇద్దరం ముందేసుకుని కూర్చున్నాం.

ఫారంలో గడులున్నాయి. వ్యాసం పేరు, పత్రిక పేరు, ఐ.ఎస్.ఎస్.ఎన్. నంబరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, సైటేషన్లు, హెచ్-ఇండెక్స్. ఆయనవి ఏడు పేపర్లు. అన్నిటికీ కలిపి సైటేషన్లు పదకొండు. హెచ్-ఇండెక్స్ రెండు. ఆ రెండు అంకెనే చూస్తూ ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ గడుల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఒక పేపరుని తర్వాత రాసిన మరో పేపరు తన కింద ఆధారంగా పేర్కొంటే అది ఒక సైటేషన్. యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1960ల్లో వీటన్నిటినీ సూచిక కట్టడం మొదలుపెట్టాడు. ఒక విషయం మీద ఎవరెవరు ఏం రాశారో వెతుక్కోవడానికి పనికొచ్చే సాధనంగానే అది మొదలైంది. హెచ్-ఇండెక్స్ 2005లో వచ్చింది. జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క అది. కనీసం పదేసి సైటేషన్లు ఉన్న పేపర్లు పది ఉంటే మీ హెచ్ పది. ఒక్క పేపరుకే ఇరవై వేల సైటేషన్లుండి, మిగతా ముప్పైకీ నాలుగేసి మాత్రమే ఉంటే మీ హెచ్ నాలుగే. వెతుక్కునేందుకు పుట్టిన లెక్క ఇప్పుడు మనుషులని తూచే తక్కెడ అయి కూర్చుంది.

ఆయన పేపర్లలో ఒకటి నన్ను ఆపింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉంటోందో, తెలిసిన డయాగ్నొస్టిక్ సెంటర్ సాయంతో రెండేళ్ళు కష్టపడి కొలిచిన పని. కొలిచిన పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతి. కింద ఆధారాల పట్టీ చూశాను. ఫిస్కె లేడు, సుబ్బారావూ లేడు. పద్ధతికి ఆధారంగా ఒక ప్రాక్టికల్స్ పుస్తకం పేరుంది.

"సుబ్బారావు ఏడి?" అన్నాను.

"అరె, అందులనే ఉన్నడు గదా! పద్ధతి పేరే ఆయనది. దానికి వేరే ఆధారమెందుకు?"

ఈ వ్యాసం ఆ జవాబు దగ్గర పుట్టింది.

*

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కె దగ్గర చేరాడు. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఇద్దరూ కలిసి ఒక పేపరు వేశారు. ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి మీద పాతిక పేజీల పైచిలుకు పేపరు అది. రక్తంలోంచి మాంసకృత్తులు తీసేసి, మిగిలిన ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆ తర్వాత అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కలరీమీటరులో చదివితే లెక్క తేలుతుంది. అంతకుముందూ ఇలాంటి పద్ధతులున్నాయి, కానీ రంగు నిలకడగా ఉండేది కాదు. వీళ్ళు దాన్ని నిలబెట్టారు.

ఈ పేపరు జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా పేర్కొన్నవాటిలో ఒకటి. ఎందుకంటే ఫాస్ఫరస్ లేనిచోటు లేదు. ఎముకలో ఉంది, గింజలో ఉంది, పొలం మట్టిలో ఉంది, కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఉంది. ఎముకల వైద్యుడూ, పైర్ల మీద పనిచేసేవాడూ, ఎంజైముల వాడూ ఒకరి పత్రిక ఒకరు చదవరు. అయినా అందరూ తమ వ్యాసంలో 'పదార్థాలు, పద్ధతులు' అనే భాగానికి వచ్చేసరికి ఈ ఇద్దరి పేర్లూ రాస్తారు. శాఖల మధ్య గోడలు దాటిన సైటేషన్ కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కానీ విమర్శకుడి కళ్ళతో చూస్తే ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆ పద్ధతితో పిల్లి కండరాన్ని పరీక్షిస్తున్నప్పుడు రంగు రావలసిన వేగంతో రాలేదు. నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రీఏజెంటు పాడైందనుకుని పారబోసేవాళ్ళు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకుని వెళ్ళి, కండరంలో తేలిగ్గా విడిపోయే ఫాస్ఫరస్ పదార్థం ఒకటుందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో దాని జాడ పట్టారు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతం అప్పటికి చాలా గౌరవం పొందింది. దానితో ముడిపడిన పనికే హిల్, మయెర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ ఇచ్చారు. ఆ సిద్ధాంతానికి ఇక్కడ బీట పడింది. 1929లో ఫిస్కె, సుబ్బారావులు అడినొసిన్ ట్రైఫాస్ఫేటు, అంటే ఏటీపీని వేరుచేసి అదే సైన్స్‌లో రాశారు. ఆ ఏడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా రాశాడు. ఏటీపీ కనుక్కున్నవాడెవరంటే పాఠ్యపుస్తకాలు చాలావరకు లోమన్ పేరు ముందు చెప్తాయి.

ఇప్పుడు తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన పేపర్లు చూడండి. ఏటీపీని విడగొట్టే ఎంజైము ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే, విడిపోయి బయటపడ్డ ఫాస్ఫేటుని కొలవాలి. కొలవడానికి 1925 పద్ధతి. అందుకని ఏటీపీ మీద రాసిన వేలాది పేపర్లలో సుబ్బారావు పేరు కనిపిస్తుంది, నీలిరంగు దగ్గర. ఆ ఏటీపీని మొదట చూసినవాళ్ళలో ఆయన ఒకడన్న మాట మాత్రం అక్కడ ఉండదు. ఏటీపీ ఉందని ఇప్పుడు ఎవరూ ఆధారం చూపించి చెప్పరు, నీరు తడిగా ఉంటుందని చెప్పినట్టు ఉంటుంది. కొలిచిన పద్ధతికి మాత్రం ఆధారం చూపించి తీరాలి. పెద్ద ఆవిష్కరణకు తక్కువ తలపులు, చిన్న పద్ధతికి ఎక్కువ తలపులు. సైటేషన్ల వరస చూసి ఆయన్ని అంచనా వేస్తే, మంచి లాబొరేటరీ పనివాడని తేలుతుంది. అది నిజమే, కానీ అది ఆయనలో ఏ వంతు?

సైన్సు సమాజశాస్త్రం చదివినవాళ్ళు దీనికో పేరు పెట్టారు. రాబర్ట్ మెర్టన్ మాటల్లో చెప్పాలంటే, ఒక భావం అందరిలోనూ కలిసిపోయి, కలిసిపోవడం వల్లే దాని జన్మస్థానం చెరిగిపోవడం. సామెతలకి కర్తలుండరు చూశారూ, అలాంటిది. మా మిత్రుడి జవాబు కూడా ఇదే. "పద్ధతి పేరే ఆయనది. దానికి వేరే ఆధారమెందుకు?"

*

ఇది సుబ్బారావుకి ఒక్కడికే జరిగింది కాదు. 2014లో నేచర్ పత్రిక అప్పటిదాకా అత్యధిక సైటేషన్లు వచ్చిన వంద పేపర్ల పట్టీ వేసింది. మొదటిది 1951లో ఆలివర్ లౌరీ, మాంసకృత్తుల్ని కొలిచే పద్ధతి మీద రాసింది. మూడు లక్షలకి పైగా సైటేషన్లు. రెండోది, మూడోది కూడా మాంసకృత్తుల పద్ధతులే. ఆ వందలో చోటు దొరకాలంటే పన్నెండు వేల పైన సైటేషన్లు కావాలి. డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పేపరు అందులో లేదు. లౌరీ తన పేపరు గొప్పదేమీ కాదని తానే ఒప్పుకున్నాడు. అయినా అంతమంది తలుచుకుంటుంటే లోలోపల సంతోషంగా ఉంటుందని కూడా అన్నాడు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

శాఖల మధ్య తేడా ఇంకొకటుంది. వైద్యంలో ఏటా వచ్చే పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపరు కింద ఆధారాలూ ఎక్కువ. గణితంలో రెండూ తక్కువే. గణితం పేపరుకు పదేళ్ళలో ముప్పై సైటేషన్లు వస్తే పండగ చేసుకుంటారు. వైద్యంలో ఆ ముప్పై ఒక మోస్తరు పేపరుకు రెండేళ్ళలో వస్తాయి. ఈ ఇద్దరినీ ఒకే పట్టీలో పెట్టి ఎక్కువ తక్కువలు తేల్చడమంటే, పద్యాన్నీ వార్తాపత్రికనీ అమ్ముడుపోయిన ప్రతుల లెక్కన పోల్చడమే.

మన సి.ఆర్. రావుగారిని తీసుకోండి. హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసినాయన. 1945లో, పాతికేళ్ళు నిండకుండానే, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక పేపరు వేశాడు. దాని వెనక కథ ఆయనే చాలాసార్లు చెప్పాడు. కలకత్తాలో పాఠం చెప్తూ, పెద్ద సంఖ్యలో నమూనాలున్నప్పుడు నిలిచే ఫిషర్ ఫలితం ఒకటి చెప్పాడట. కొద్ది నమూనాలకి ఇది ఎందుకు చెప్పరని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తర్వాతి రోజుల్లో పేరుపొందిన ఆర్థికవేత్త వి.ఎం. దాండేకర్. రావుగారు ఆ రాత్రి కూర్చుని దాన్ని సాధించాడు. ఉన్న సమాచారంతో ఏ అంచనా అయినా ఇంతకంటే కచ్చితంగా ఉండలేదని చెప్పే హద్దు అది. మరుసటి ఏడు స్వీడన్‌కి చెందిన క్రామేర్ పుస్తకంలో కూడా అదే ఫలితం రావడంతో క్రామేర్-రావు హద్దు అయింది.

రాడారు వాళ్ళు విమానం ఎక్కడుందో ఎంత కచ్చితంగా చెప్పగలమని లెక్కేసేటప్పుడు ఆ హద్దు వాడతారు. ఎమ్మారై బొమ్మల వాళ్ళూ, ఫోను ఎక్కడుందో కనిపెట్టేవాళ్ళూ వాడతారు. చాలామంది 1945 పేపరుని ఎన్నడూ తెరిచి ఉండరు. పాఠ్యపుస్తకాన్ని పేర్కొంటారు, లేదా ఏదీ పేర్కొనకుండా 'క్రామేర్-రావు' అని రాసి ముందుకు పోతారు. పేరు నామవాచకం అయిపోయింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో మ్యూజియంలో కూర్చుని సూడాన్‌లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించిన మనిషి కూడా ఆయనే. ఇవన్నీ ఏ శాఖ గడిలో వేస్తారు? గణాంక శాస్త్రంలో నోబెల్‌తో పోల్చే అంతర్జాతీయ బహుమతి ఆయనకి 2023లో ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 102. ఆ పేపరు వేసి 78 ఏళ్ళు. మూడేళ్ళ సైటేషన్లు చూసి ప్రమోషన్ తేల్చే ఫారంలో ఆ 78 ఏళ్ళకి గడి లేదు.

*

ఇంతవరకు వచ్చాక, అంకెలు పనికిరావని ముగించడం తేలిక. సభల్లో చప్పట్లు కూడా పడతాయి. కానీ సుబ్బారావు కథే అలా ముగించనివ్వదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయనకి ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. హార్వర్డులో ఇంత పని చేసినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కె వల్ల వెలుగుచూడలేదని, వాటిని తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని, హార్వర్డులో ఆ రోజుల్లో ఉండి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అన్నట్టు చెప్తారు. ఈ అన్యాయాలేవీ అంకెల వల్ల జరిగినవి కావు. ఆ రోజుల్లో అంకెలే లేవు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అభిప్రాయమే తీర్పు. హార్వర్డు కమిటీ ముందు ఎవరైనా ఒక సైటేషన్ల పట్టీ పెట్టి, 'ఇన్ని దేశాల్లో ఇన్ని ప్రయోగశాలలు ఈయన పద్ధతి వాడుతున్నాయి' అని చూపించి ఉంటే వాళ్ళు కాదనడానికి కాస్త ఇబ్బంది పడేవాళ్ళు.

మన దగ్గర కూడా అంతే. కులం, ఊరు, ఎవరి శిష్యుడు, ఎవరి అల్లుడు అన్న లెక్కలు నడిచే చోట, ఒక అంకె ఉంటే దిక్కులేనివాడికి చేతికర్ర దొరికినట్టు. పెద్దాయన నోటిమాటకంటే అంకె న్యాయంగా ఉంటుందన్న ఆశ అబద్ధమేమీ కాదు. 2010లో యూజీసీ ఏపీఐ పాయింట్ల పద్ధతి తెచ్చినప్పుడు చాలామంది చిన్న కాలేజీల అధ్యాపకులు సంతోషించడం నాకు గుర్తుంది.

తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తుంది. పేపరుకి పాయింట్లు అన్నాక పేపర్లు పుట్టించే దుకాణాలు పుట్టాయి. వాటిలో ప్రపంచమంతా పేరు మోసినది మన హైదరాబాదుదే. ఇక్కడి ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా పేపర్లు వేస్తున్నారని, శాస్త్రవేత్తల పేర్లు వాళ్ళ అనుమతి లేకుండా వాడుకుంటున్నారని, ఫీజు సంగతి ముందు చెప్పడంలేదని అభియోగాలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. యూజీసీ మంచి పత్రికల పట్టీ ఒకటి తయారుచేసింది. దాన్ని కేర్ జాబితా అన్నారు. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. పీహెచ్‌డీ ఇచ్చే ముందు పేపరు వేసి తీరాలన్న నిబంధనని 2022లోనే తీసేసింది. పైన నిబంధనలు మారుతున్నాయి. కింద కాలేజీలో ఫారం మాత్రం పాతదే.

ఈమధ్య ప్రతి శరత్కాలంలో తెలుగు పేపర్లలో మరో వార్త వస్తోంది: 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్'. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ యోనిడిస్, మరికొందరు కట్టే పట్టీ అది. నిజానికి అది కాస్త ఆలోచించి కట్టిన పట్టీయే. శాఖల వారీగా విడదీస్తుంది, తనని తాను పేర్కొన్న సైటేషన్లు తీసేసి కూడా లెక్క చూపిస్తుంది. పేపరులో మీ పేరు మొదట ఉందా, చివర ఉందా, మధ్యలో ఉందా అని కూడా చూస్తుంది. అయితే జీవితకాలపు లెక్కకి కూడా అది 1996 నుంచి వచ్చిన సైటేషన్లనే తీసుకుంటుంది. ఆ పట్టీ కట్టినవాళ్ళు తమ పరిమితులు రాసే ఉంచారు. మనం శీర్షిక పెట్టేటప్పుడు అవి వదిలేస్తాం.

*

మనం అన్నప్పుడు నన్ను నేను మినహాయించుకోవడం లేదు. సుబ్బారావు గురించి తెలుగులో వచ్చినవి చదువుకుంటూ పెరిగినవాణ్ణి. ఏటీపీ ఆయనదే, ఫోలిక్ ఆమ్లం ఆయనదే, మెథోట్రెక్సేట్ ఆయనదే, ఆరియోమైసిన్ ఆయనదే, హెట్రజాన్ ఆయనదే, నోబెల్ మాత్రం ఇవ్వలేదు. ఈ వరస మనకి నోటికొచ్చు. ఇది కూడా ఒక లెక్కే. సైటేషన్ల బదులు ఆవిష్కరణలు లెక్కపెడుతున్నాం, అంతే తేడా.

దగ్గరికి వెళ్ళి చదివితే బొమ్మ వేరుగా ఉంటుంది. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాక ఆయన పరిశోధన విభాగాన్ని నడిపించాడు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం, తయారీ గురించి 1946లో సైన్స్‌లో వచ్చిన పేపరు మీద పదహారు మంది పేర్లున్నాయి. వాటిలో ఆయనది ఒకటి. ఆరియోమైసిన్‌ని మట్టిలోని సూక్ష్మజీవిలో పట్టినవాడు బెంజమిన్ డగ్గర్. రిటైరైన వృక్షశాస్త్రజ్ఞుణ్ణి తెచ్చి ఆ పనిలో పెట్టిన జట్టు సుబ్బారావుది. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలకి అమైనోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించగలిగానని రాసిన పేపరు కాన్సరు వైద్యంలో మైలురాయి. దాని మీద సుబ్బారావు పేరు రచయితగా లేదు. ఆయన, ఆయన సహచరులు ఈ పదార్థాలు తయారుచేశారన్న మాట లోపల ఉంటుంది. లోపలి మాటకి, కృతజ్ఞతకి సైటేషన్ల లెక్కలో విలువ లేదు. ఆ ఏడు ఆగస్టులోనే ఆయన పోయాడు.

ఇదంతా చెప్పడం ఆయన్ని తగ్గించడానికి కాదు. జట్టుని కట్టడం, ఎక్కడ వెతకాలో చెప్పడం, తను చేయగలిగిన పనిని ఇంకొకరి చేతికిచ్చి పక్కన నిలబడటం ఆయన చివరి ఎనిమిదేళ్ళ పని. పేర్ల వరస చదివితే అది కనిపించదు, 'అన్నీ ఆయనే కనుక్కున్నాడు' అన్నా కనిపించదు. నోబెల్ గురించి మనం పడే బాధలో కూడా ఒక గడి నింపలేకపోయామన్న బాధే ఎక్కువ.

హెట్రజాన్ అంటే డైఈథైల్‌కార్బమజీన్, బోదకాలు మాత్ర. ఫైలేరియా నిర్మూలనలో భాగంగా ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించేవాళ్ళే, ఆ డి.ఇ.సి. మాత్రలు. కోస్తా ఊళ్ళలో పెరిగినవాళ్ళకి గుర్తుంటాయి. మింగిన ఏ ఒక్కరూ ఒక్క సైటేషన్ కూడా ఇవ్వలేదు. భీమవరం చుట్టుపక్కల కాళ్ళు వాయని మనుషులే ఆ పేపరుకి పాఠకులు.

అయితే ప్రచురణల పట్టీని ఎలా చూడాలి? ఒక కవి పుస్తకాల పట్టీని చూసినట్టే అని నాకు తోస్తోంది. ఎన్ని ముద్రణలు పడ్డాయో తెలుసుకోవడంలో తప్పులేదు. తెలుసుకుని, పుస్తకం తెరవాలి. ఈ సైటేషన్లు ఎవరివి, ఏ శాఖ నుంచి వచ్చాయి, పద్ధతి కోసమా, భావం కోసమా, ఖండించడానికా, మర్యాదకి రాశారా? పట్టీలో చిన్నగా కనిపిస్తున్న పేపరు ఏ పెద్ద పనికి తలుపు తీసింది? ఒక్కొక్కరి పని చదివి ఈ ప్రశ్నలు వేయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట మిగుల్చుకోవడానికే మనం అంకె అడుగుతున్నాం.

*

మళ్ళీ దబీర్‌పురా గదికి. మధ్యాహ్నం కావచ్చింది. ఆయన ఫోనులో ఒక సందేశం చూపించాడు. ఐదు రోజుల్లో పేపరు వేస్తారట, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఏడు పైన ఉందట, రుసుము ఆయన జీతంలో మూడోవంతు. అలాంటివి రెండు వేయిస్తే గడి నిండుతుంది.

"నా కంటే చిన్నోళ్ళు వేయించిన్రు భాయ్. వాళ్ళది అయిపోయింది" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అడుగుతున్నాడేమో అనిపించింది. నేను జవాబు చెప్పలేదు. నాకు నెల తిరిగేసరికి కట్టవలసిన పిల్లల ఫీజు లేదు, ఆయనకుంది. దూరంగా ఉండి నీతి చెప్పడం తేలిక.

చివరికి ఆయనే ఫోను పక్కన పడేసి, రక్తంలో ఫాస్ఫరస్ పేపరు కాపీ తీసుకున్నాడు. దాని రెండో భాగం ఇంకా పంపలేదు, రాత పనిలో ఉంది. ఆధారాల పట్టీలో ప్రాక్టికల్స్ పుస్తకం పేరు కొట్టేసి, పైన పెన్నుతో రాశాడు: ఫిస్కె, సుబ్బారావు, 1925. "ఒకటి పెరిగింది" అన్నాడు. వందేళ్ళ నాటి పేపరుకి ఇంకొక్క సైటేషన్.

తర్వాత ఫైలు చివర ఒక తెల్లకాగితం పెట్టించాను. ఏడు పేపర్లలో ఏది ఎందుకు చేశాడో, రెండేళ్ళు ఆ సెంటర్ చుట్టూ తిరిగి ఏం నేర్చుకున్నాడో, ఆ కొలతలు చూసి అక్కడి డాక్టరు ఎంతమందికి మందు మార్చాడో, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు. మొదట మొహమాటపడ్డాడు. తర్వాత ఆపకుండా రాశాడు, రెండు పేజీలు దాటాయి. ఆయన పని ఏమిటో ఇన్నేళ్ళ స్నేహంలో నాకూ అప్పుడే తెలిసింది.

వారం తర్వాత ఫోన్ చేశాడు. ఫైలు తీసుకున్న గుమాస్తా ఆ కాగితాలు తిప్పి చూసి, వీటికి గడి లేదు సార్ అన్నాడట. తీసేయమంటారా అని అడిగితే, "ఉండనీ. వెనక పిన్ను కొట్టు" అన్నాడట మా మిత్రుడు.